పడమటి కర్నూలు బస్సులు, ఒక ముఖ్యమంత్రి మౌనం

నాయకుల మాటతీరుపై మన పత్రికల్లో చర్చ సాధారణంగా బూతు దగ్గర మొదలై బూతు దగ్గరే ఆగిపోతుంది. ఎవరు ఎవరిని ఏమన్నారు, ఎవరు క్షమాపణ చెప్పారు - ఇంతే. మర్యాదగా మాట్లాడుతూనే జవాబు చెప్పకుండా తప్పుకున్నవాళ్లను ఏ తూకంతో తూచాలి? ఈ ప్రశ్నకు మా మద్దికెర ఉన్న పడమటి కర్నూలు ప్రాంతమే ఒక చారిత్రక ఉదాహరణ ఇచ్చింది.

1962లో నీలం సంజీవరెడ్డి రెండవసారి ముఖ్యమంత్రి అయ్యారు. ఆ తర్వాత కర్నూలు జిల్లా పడమటి భాగంలోని బస్సు రూట్లను జాతీయం చేయడానికి ఆర్టీసీ స్కీములు వచ్చాయి. ప్రైవేటు బస్సుల యజమానులు కోర్టుకెక్కారు. జిల్లాల వరుస మార్చి మా జిల్లాను, అందులోనూ పడమటి భాగాన్ని ముందుకు తేవడం రాజకీయ ప్రత్యర్థులను దెబ్బతీయడానికేనని, అది ముఖ్యమంత్రి చెప్పినందువల్లే జరిగిందని వారి ఆరోపణ. బస్సుల యజమానులేమీ పీడిత ప్రజలు కారు. జాతీయీకరణ మనం కోరదగిందే. అందుకే ఈ కేసు అభ్యుదయవాదులకు ఇబ్బందికరమైంది: మంచి విధానాన్ని అడ్డుపెట్టుకుని కక్ష తీర్చుకుంటే మనం ఎటు నిలబడాలి?

1964 జనవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ముఖ్యమంత్రిపై సూటిగా చేసిన ఆరోపణకు ముఖ్యమంత్రే ప్రమాణపత్రం దాఖలు చేసి జవాబివ్వలేదు. ఆయనకు మాత్రమే తెలిసిన సంగతిని ఆయన బదులు మరొకరు ఖండిస్తే చెల్లదు. ఖండన లేని ఆరోపణను కోర్టు అంగీకరించి స్కీములను కొట్టివేసింది. అంటే ఇక్కడ తప్పు పరుషంగా మాట్లాడడం కాదు, మాట్లాడవలసిన ఒక్క వాక్యం మాట్లాడకపోవడం.

పదవి నుంచి దిగిపొమ్మని తీర్పు ఆయనకు చెప్పలేదు. అయినా ఫిబ్రవరిలో ఆయన రాజీనామా చేశారు. దీని వెనుక ముఠాల లెక్కలు వెతికేవారు వెతకవచ్చు. నేను మాత్రం ఆ రాజీనామాను ఆలస్యంగా వచ్చిన జవాబుగానే చదువుతాను.

ఆ తర్వాతి చరిత్రలో మాట మరో దారి పట్టింది. 1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో ముఖ్యమంత్రి అంజయ్యను రాజీవ్ గాంధీ అందరి ముందూ అవమానించారు. ఆల్విన్ కార్మికుడిగా మొదలైన మనిషికి జరిగిన ఆ అవమానం మరుసటి సంవత్సరపు ఎన్నికల్లో ‘తెలుగువారి ఆత్మగౌరవం’గా మారింది. నినాదం గెలిచింది, అందులోంచి కార్మికుడు మాయమయ్యాడు. మన విమర్శకులు దీన్ని తగినంతగా పట్టించుకోలేదనే నా ఫిర్యాదు. 2021 నవంబర్ 19న శాసనసభలో తన కుటుంబం గురించి మాట్లాడారంటూ ప్రతిపక్ష నాయకుడు చంద్రబాబు విలేకరుల ముందు కన్నీళ్లు పెట్టుకున్నారు. అప్పటికే ఇరుపక్షాల అనుచరుల భాష వీధిలో ఒకటే అయిపోయింది.

ఆ భాష మా తరగతిగదిలోకీ వచ్చింది. ఎన్నికల సభ మీద వ్యాసం రాయమంటే ఒక పిల్లవాడు లేచి, ‘తిట్టకపోతే మీటింగుకు జనం ఎట్లొస్తారు సార్?’ అన్నాడు. నేను వాడికి ఈ బస్సుల కథే చెప్పాను. అంతా విని, ‘అయితే ఆయన కోర్టులో ఏం చెప్పుండాల్సింది సార్?’ అని అడిగాడు.

‘చెప్పాననో, చెప్పలేదనో’ అన్నాను.