గట్టు మీది కాటు

2018 ఆగస్టులో కృష్ణా డెల్టాలోని దివిసీమను పాములు హడలెత్తించాయి. ఆ ఒక్క నెలలో వంద మందికి పైగా కాటుకు గురయ్యారని అప్పటి పత్రికలు రాశాయి. 29న మోపిదేవి సుబ్రహ్మణ్యేశ్వరస్వామి గుడిలో ప్రభుత్వం తరఫున హోమం కూడా జరిగింది. హోమం మంచిచెడ్డల మీద బోలెడు వాదన నడిచింది. నా సందేహం వేరు. ఈ కాట్లను పనిలో జరిగిన ప్రమాదాలుగా లెక్కించాలా, వద్దా?

జూలై, ఆగస్టు డెల్టాలో ఊడ్పుల కాలం. కాలవలకు నీళ్లొస్తాయి, పైన వాన. బొరియలు మునిగి ఎలుకలు గట్టెక్కితే వాటి వెనకే పాములూ ఎక్కుతాయి. కూలీలు చెప్పుల్లేకుండా నడిచేది ఆ గట్టు మీదే. నారుకట్ట ఎత్తే చెయ్యి, గడ్డి కోసే చెయ్యి, చీకట్లో మడవ చూడటానికి వెళ్లే కాలు: కాటు పడేది వాటికే.

దేశం మొత్తానికి కాస్త నమ్మదగిన లెక్క మిలియన్ డెత్ స్టడీ. ఇళ్లకు వెళ్లి, మనిషి ఎలా పోయాడో అయినవాళ్లను అడిగి రాసుకున్న సర్వే అది. దాని అంచనాలో 2005లో పాముకాటు మరణాలు సుమారు 45,900. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వాటా 5,200, ఉత్తరప్రదేశ్ తర్వాత మనమే. చనిపోయినవారిలో 77 శాతం మంది ప్రాణం పోయింది ఆస్పత్రి బయటే. ఆస్పత్రి రికార్డులు మాత్రమే చూస్తే అసలు సంఖ్య ఎందుకు దొరకదో ఇక్కడే తెలుస్తుంది. 2020లో వచ్చిన మరో విశ్లేషణ 2000-2019 మధ్య మరణాలను 12 లక్షలుగా అంచనా కట్టింది. అందులో దాదాపు సగం జూన్-సెప్టెంబరు నెలలవి.

రాష్ట్రం అంచనాను తెచ్చి దివిసీమకు అతికించకూడదు. వానాకాలపు కాట్లన్నీ పొలం కాట్లు అనడమూ తొందరపాటే. కట్లపాము ఎక్కువగా రాత్రిపూట, నేల మీద నిద్రపోతున్నవాళ్లను కరుస్తుంది. గాటు సరిగా కనపడదు, తెల్లారేసరికి రెప్పలు వాలిపోతాయి. అది పని ప్రమాదం కాదు. పొలంలో ప్రధాన అనుమానితురాలు రక్తపింజరి. దాన్ని పట్టే పరీక్షకు పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. పొడి గాజు గొట్టంలో కాస్త రక్తం తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి, ఒంపి చూస్తారు. గడ్డకట్టకుండా నీళ్లలా జారితే రక్తపింజరి విషం ఎక్కిందని అనుమానించి మందు మొదలుపెడతారు. ప్లాస్టిక్ గొట్టంలో ఈ పరీక్ష చెల్లదు. ఇంత చవకైన పరీక్ష వైద్యంలో అరుదు. చిక్కల్లా, కిడ్నీలు దెబ్బతినేలోగా మనిషి ఆస్పత్రికి చేరడమే.

చట్టాల సంగతికొస్తే, 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం గట్టు దాకా రాలేదు. 1923 నాటి పరిహార చట్టం ట్రాక్టరుతోనో కరెంటు యంత్రంతోనో సేద్యం చేసేవారిని జాబితాలో చేర్చింది. నడుం వంచి చేత్తో నాట్లు వేసే మనిషికి అందులో చోటు దక్కలేదు. బాయిలర్ పేలితే విచారణ కమిటీ వేస్తారు, ఊడ్పుల్లో పాము కరిస్తే అది తలరాత.

2024 నవంబరులో కేంద్ర ఆరోగ్యశాఖ పాముకాటును తప్పనిసరిగా నమోదు చేయాల్సిన జబ్బుగా ప్రకటించమని రాష్ట్రాలను కోరింది. ఆ నమోదులో పేరు, వయసు పక్కన ఇంకో గడి పెట్టి, కాటు ఎక్కడ పడిందో రాయించాలి: గట్టా, నారుమడా, గడ్డివామా, పడుకున్న చాపా.