ప్రాథమిక పాఠశాలయు తల్లిదండ్రుల తోడ్పాటును

పాఠశాలల చరిత్ర వ్రాయువారు సామాన్యముగా ప్రభుత్వపు ఉత్తర్వులను, దాతల విరాళములను, ప్రసిద్ధులైన ఉపాధ్యాయుల పేర్లను పేర్కొందురు. ఉదయమున బిడ్డకు తల దువ్వి, చేతికి పలక యిచ్చి, బడి గడప వరకు తెచ్చి విడిచిన తల్లి ఆ గ్రంథములలో కానరాదు. ఆమె జీతము పుచ్చుకొనలేదు, శిలాఫలకము కోరలేదు. అయినను ప్రాథమిక విద్య ఏ కాలమున నిలదొక్కుకొన్నదో, ఏ కాలమున సడలినదో విచారించినచో, ఇంటి తోడ్పాటు అందు ముఖ్యకారణముగా కనబడును. తెలుగునాటి ఎల్లలకు వెలుపల తరతరములుగా స్థిరపడిన తెలుగువారి విషయమున ఇది మరింత నిజము. అచ్చట తెలుగు బడి నిలుచుటయు, మూతపడుటయు చట్టము వలన కొంత, తల్లిదండ్రుల పట్టుదల వలన కొంత నిర్ణయమగుచు వచ్చినవి. ఈ సంబంధము సుమారు రెండువందల యేండ్లలో మారిన తీరును సంగ్రహముగా పరిశీలించుట ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

వీథిబడి కాలము

ప్రభుత్వ పాఠశాలలు రాక పూర్వము తెలుగు గ్రామములందు వీథిబడులుండెను. ఒకరి యింటి అరుగో, గుడి మండపమో, చెట్టునీడయో బడిగా నుండెడిది. పంతులకు సర్కారు జీతము లేదు. నెలకొకమారు పిల్లల యిండ్లనుండి వచ్చు కొద్దిపాటి రొక్కము, పంటకాలమున కొలిచి యిచ్చు ధాన్యము, పండుగనాటి స్వయంపాకము ఆతని జీవనాధారములు. దసరా దినములలో పంతులు పిల్లల చేతులకు రంగుకాగితములు చుట్టిన విల్లంబులిచ్చి, వారిచే పాటలు పాడించుచు, పిల్లల యిండ్లకును ఊరి పెద్దల యిండ్లకును పోవుచుండెను. గృహస్థులు పంతులకు మామూలును, పిల్లలకు పప్పుబెల్లములను ఇచ్చుచుండిరి. నేడు ఇది వేడుకగా మాత్రమే జ్ఞప్తికి వచ్చుచున్నది. కాని విచారించి చూచినచో అది బడికి ఊరు చెల్లించిన సాలుసరి చందాయే.

ఈ వీథిబడులను గూర్చి విపులమైన వివరములు బళ్ళారి జిల్లానుండి లభించుచున్నవి. 1822లో చెన్నరాజధాని గవర్నరు సర్ థామస్ మన్రో దేశీయ విద్యాస్థితిని గూర్చి కలెక్టరులందరినుండి లెక్కలు కోరెను. అప్పటి బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్. 1816లో తెలుగు వ్యాకరణమును ఇంగ్లీషున ప్రకటించినవాడు ఇతడే. 1823 ఆగస్టులో ఇతడు పంపిన నివేదిక నేటికిని అధ్యయనము చేయదగినది. ఆనాటి బళ్ళారి జిల్లా నేటికంటె చాల పెద్దది. అనంతపురము జిల్లా అందుండి 1882లో వేరుపడినది. క్యాంబెల్ లెక్క ప్రకారము జిల్లాలో 533 బడులుండెను. వానిలో కన్నడ బడులు 235, తెలుగు బడులు 226. తక్కినవి సంస్కృతము, మరాఠీ, పారసీ, తమిళము, ఇంగ్లీషు నేర్పునవి. చదువుకొను పిల్లలు 6,641 మంది, అనగా బడికి సగటున పన్నెండుగురు.

బిడ్డకు అయిదవయేట ఇంటనే అక్షరాభ్యాసము జరిగెడిది. పంతులును, బడిపిల్లలును ఆ యింటికి ఆహూతులై వచ్చెడివారు. విఘ్నేశ్వరపూజ యైన పిమ్మట, పంతులు బిడ్డ చేయి పట్టి బియ్యములో అక్షరములు దిద్దించెడివాడు. మరునాడు బిడ్డ బడికి పోయెడివాడు. బడియే ముందుగా ఇంటికి వచ్చి బిడ్డను పిలుచుకొనిపోవు ఈ ఆచారమున గొప్ప భావము కలదు. ఆ దినమున తల్లిదండ్రులు పంతులకు ఇచ్చిన సత్కారము జీతమునకు మొదటి కంతు. ఆ పిమ్మట నెలకు పావురూపాయి, బిడ్డ కాగితముపై వ్రాయు స్థితికి వచ్చినచో అర్ధరూపాయి చెల్లించెడివారు.

ఇంతటి ప్రాతదియైన యీ యేర్పాటు ఆనాటికే క్షీణించుచున్నదని క్యాంబెల్ విచారముతో వ్రాసెను. పూర్వము బడులుండిన అనేక గ్రామములలో అప్పటికే బడి లేకపోయెను. పెద్దబడులుండిన చోట్ల సంపన్నుల పిల్లలు కొందరు మాత్రమే మిగిలిరి. ఇందుకు ప్రజల దారిద్ర్యమే హేతువని అతడు చెప్పెను. ఐరోపా వస్త్రములు దిగుమతి యగుటచే దేశీయపు నేతపనివారి రాబడి తగ్గెను. సైన్యములు దూరప్రాంతములకు తరలుటచే ధాన్యమునకు గిరాకి తగ్గెను. తమ జిల్లాలోని బడులలో ఒక్కదానికైనను ప్రభుత్వ సహాయము లేదని చెప్పుటకు సిగ్గగుచున్నదని సైతము ఆ అధికారి ఒప్పుకొనెను. మగ్గము ఆగిన యింట పలకయు ఆగిపోయెననుట ఈ నివేదిక సారాంశము.

వీథిబడిని కేవలము పొగడుటయు న్యాయము కాదు. ఆ 6,641 మందిలో బాలికలు 60 మంది మాత్రమే. జిల్లా జనాభాలో వేయింటికి ఏడుగురైనను బడిలో లేరు. తల్లిదండ్రుల శక్తిపైననే ఆధారపడిన విద్య, శక్తిగలవారి బిడ్డలకే అందినది. మన్రో 1826 మార్చిలో వ్రాసిన వ్యాఖ్యలో చెన్నరాజధాని యంతటను 12,498 బడులును, 1,88,650 మంది విద్యార్థులును ఉన్నట్లు తేల్చెను. పంతులకు నెలకు ఆరేడు రూపాయలకు మించి రాదనియు, అంత స్వల్పమైన రాబడితో సమర్థులు ఆ వృత్తికి రారనియు గ్రహించి, జిల్లాలందును తాలూకాలందును సర్కారు జీతముపై ఉపాధ్యాయులను నియమింపవలెనని ప్రతిపాదించెను.

ఆ లెక్కలలో వేరొక విశేషము కలదు. చెన్నపట్టణమున బడికి పోవువారికంటె ఇంటనే చదువుకొనువారు అనేక రెట్లు అధికమని, వారి సంఖ్య ఇరువదియారు వేలకు మించినదని నగర కలెక్టరు తెలిపెను. ఆ సంఖ్యలో పొరపాటుండవచ్చునని మన్రోయే సందేహించెను. సంఖ్య యెట్లున్నను, తండ్రులును బంధువులును పిల్లలకు ఇంటనే అక్షరములు నేర్పుట ఆనాడు సర్వసామాన్యమనుట స్పష్టము. తెలుగు, తమిళము కలసి మెలసి యుండిన ఆ పట్టణమున ఇల్లే మొదటి పాఠశాల.

సర్కారు చేయూత, ఊరి చేయూత

1854 నాటి విద్యా పత్రము వెలువడిన పిమ్మట సహాయధనపు పద్ధతి వచ్చినది. స్థానిక బోర్డులు, పురపాలక సంఘములు పాఠశాలలను నెలకొల్పినవి. 1920లో చెన్నరాజధాని ప్రాథమిక విద్యాచట్టము వచ్చినది. పేదల బిడ్డలకు బడి తలుపు తెరచిన ఈ మార్పు మిక్కిలి మేలైనది. కాని దీనితో పాటు ఒక అలవాటు కూడ వచ్చెను. బడి సర్కారుది గదా, దాని మంచిచెడ్డలు సర్కారువే అను భావము ప్రజలలో నాటుకొనెను. పూర్వము బడికి యజమానులుగా నుండిన తల్లిదండ్రులు క్రమముగా ప్రేక్షకులైరి.

బడి తెరచినంత మాత్రమున ఆకలిగొన్న బిడ్డ వచ్చి కూర్చుండడు. ఈ సత్యమును గుర్తించి తొలుత ఆచరణలో పెట్టిన వారిలో చెన్నపురి కార్పొరేషను అధ్యక్షుడు, తెలుగు దేవాంగ కుటుంబమున జన్మించిన సర్ పిట్టి త్యాగరాయ చెట్టి ఒకడు. 1920 సెప్టెంబరులో ఆయన అధ్యక్షతను కార్పొరేషను థౌజండ్ లైట్స్ ప్రాంతమునందలి తన పాఠశాలలో పిల్లలకు ఉపాహారము పెట్టుటకు తీర్మానించెను. తలకు ఒక అణా మించరాదని నియమము. దేశమునందలి మధ్యాహ్న భోజన పథకముల చరిత్ర చెప్పువారు దీనినుండియే ఆరంభింతురు.

1956లో చెన్నరాష్ట్ర ముఖ్యమంత్రి కామరాజు ప్రాథమిక పాఠశాలలలో మధ్యాహ్న భోజనమును ఊరి చందాలతో ప్రారంభింపజేసెను. మరుసటి యేటినుండి ఖర్చులో అధికభాగము ప్రభుత్వము వహించి, తక్కినది స్థానికులకు విడిచిపెట్టెను. విద్యాశాఖాధిపతి నె. దు. సుందరవడివేలు ఆధ్వర్యమున 1958 మొదలు పాఠశాలల అభివృద్ధి మహాసభలు ఊరూర జరిగెను. బడికి ఏమి కొరతయో ముందుగా జాబితా వ్రాయుట, దానిని ఊరివారి యెదుట చదువుట, ఎవరికి తోచినది వారు ఇచ్చుట ఆ సభల పద్ధతి. స్థలము, గదులు, బల్లలు, పలకలు, పిల్లలకు దుస్తులు ఇట్లు సమకూడెను. సర్కారు జీతము, ఊరి చేయూత కలసినప్పుడు బడికి రెండు చేతుల బలము కలుగునని ఆ కాలము నిరూపించినది.

సరిహద్దులు మారిన పిమ్మట

1936 ఏప్రిలులో ఒరిస్సా ఏర్పడగా బరంపురము, పర్లాకిమిడి ప్రాంతముల తెలుగువారు ఆ రాష్ట్రమున చేరిరి. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము అవతరించిననాడే బళ్ళారి తాలూకా మైసూరునకు పోయెను. 1956 నవంబరు 1 నాటి పునర్విభజనతో హోసూరు మున్నగు ప్రాంతముల తెలుగువారు అల్పసంఖ్యాకులుగా స్థిరపడిరి. ఇల్లు కదలలేదు, పొలము కదలలేదు. బడి భాష మాత్రము ప్రశ్నార్థకమైనది.

ఈ ప్రశ్నకు 1949 ఆగస్టులోనే విద్యామంత్రుల సమావేశము ఒక సూత్రము చెప్పియుండెను. ప్రాథమిక పాఠశాల మొత్తములో ఒక మాతృభాషకు చెందిన పిల్లలు 40 మంది గాని, ఒక తరగతిలో 10 మంది గాని యున్నచో, ఆ భాషలో బోధించుటకు ఉపాధ్యాయుని నియమింపవలెను. 1956లో ఏడవ సవరణచే రాజ్యాంగమున చేరిన 350ఏ అధికరణము, ప్రాథమిక దశలో మాతృభాషాబోధనకు తగిన సౌకర్యములు కల్పించుట ప్రతి రాష్ట్రముయొక్క బాధ్యతగా పేర్కొన్నది. ఈ రక్షణల అమలునకై, పిల్లల పేర్లను ముందుగానే నమోదు చేయు పట్టికలుండవలెననియు ఆ పిమ్మట నిర్ణయించిరి.

ఇచ్చట తల్లిదండ్రుల పాత్ర సరిక్రొత్త రూపము దాల్చినది. వీథిబడినాడు తండ్రి ధాన్యము కొలిచి బడిని నిలిపెను. ఈ సూత్రము వచ్చిన పిమ్మట తండ్రి చేవ్రాలే బడిని నిలుపవలసి వచ్చెను. తరగతిలో పదుగురున్నంత కాలము హక్కు సజీవముగా నుండును. ఒక కుటుంబము బిడ్డను వేరు బడికి మార్చినచో తొమ్మిదుగురు మిగులుదురు. ఆ తొమ్మిదుగురి హక్కు బలహీనపడును. అయిదు తరగతుల బడిలో 40 మంది యనగా తరగతికి ఎనమండుగురు. అనగా ఏ తరగతిలోను పదుగురు లేకున్నను, ఊరంతయు కలసి నిలిచినచో బడికి ఉపాధ్యాయుడు దక్కును. ఈ చిన్న లెక్క తెలియక పోగొట్టుకొన్నది ఎంతయో అల్పసంఖ్యాక పాఠశాలలలో పనిచేసినవారెల్ల నెరుగుదురు.

ఉత్తర్వు లేకున్నను సంఖ్య తగ్గుట కలదు. ముంబయి నగరపాలక సంస్థ మరాఠీ, హిందీ, ఉర్దూ, గుజరాతీ మున్నగు భాషలతో పాటు తెలుగునందును పాఠశాలలు నడపుచు వచ్చినది. తెలంగాణమునుండి పోయి నూలుమిల్లులలో పనిచేసిన పద్మశాలి కుటుంబముల బిడ్డలు అట్టి బడులకు సహజమైన విద్యార్థులు. 1982 జనవరిలో ఆరంభమైన మిల్లు కార్మికుల సమ్మె పిమ్మట మిల్లులు ఒక్కొక్కటిగా మూతపడినవి. కూలి దొరకు చోటికి కుటుంబము తరలినప్పుడు బడి పట్టికలో ఒక పేరు కొట్టివేయబడును. 1823లో బళ్ళారి మగ్గమును గూర్చి క్యాంబెల్ వ్రాసినది నూటయరువది యేండ్లకు బొంబాయి మిల్లులకును వర్తించెను.

తమిళనాడున 2006లో వచ్చిన చట్టము ఒకటవ తరగతినుండి తమిళమును నిర్బంధము చేసి, ఏటేట పై తరగతికి విస్తరించినది. 2016లో అల్పసంఖ్యాక భాషల విద్యార్థులకు పదవ తరగతి పరీక్షలో ఉన్నత న్యాయస్థానము మినహాయింపు నిచ్చెను. 2023లో సుప్రీంకోర్టు దానిని మరియొక యేడు పొడిగించెను. ప్రాంతభాష నేర్చుట అవసరమే. ఉన్నచోటి భాష రానివాడు ఆ ఊరిలో పరాయివాడగును. అయితే న్యాయస్థానము పరీక్షకు మినహాయింపు నీయగలదు గాని, తెలుగు తరగతికి పిల్లలను తేలేదు. ఆ పని ఇంటివారిదే.

నేటి కర్తవ్యము

2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాల నిర్వహణ సంఘములలో మూడువంతుల సభ్యులు తల్లిదండ్రులు కావలెననియు, మొత్తములో సగము స్త్రీలుండవలెననియు విధించెను. 2012 సవరణ ప్రకారము అల్పసంఖ్యాకుల సంస్థలలోను, సహాయధనము పొందు పాఠశాలలలోను ఈ సంఘము సలహాకే పరిమితము. సలహాయే యైనను, కూర్చుండుటకు పీట దొరకినది. అచ్చట తెలుగు తల్లిదండ్రులు మౌనముగా నుండరాదు.

బడికి ధనమే కావలెనని తలపరాదు. ప్రవేశముల మాసమునకు ముందే తెలుగు ఇండ్లకు పోయి పిల్లల పేర్లు వ్రాయించుట, చిన్నబిడ్డలను గుంపుగా బడికి తీసికొని పోవుట, భోజనము వండినప్పుడు రుచి చూచుట, వారమునకు ఒక గంట అవ్వతాతలు వచ్చి కథలు చెప్పుట, ఇంట తెలుగు పుస్తకమొకటి బిడ్డచే బిగ్గరగా చదివించుట, ఇవన్నియు సేవలే. పగటికూలి చేయు తల్లి బడికి రాలేదని ఆమెను నిందించుట తగదు. రాత్రి దీపము క్రింద బిడ్డ ప్రక్కన కూర్చుండుటయే ఆమె చందా.

ఒక హెచ్చరిక మాత్రము అవసరము. తల్లిదండ్రుల సేవ ఉపాధ్యాయుని స్థానమునకు ప్రత్యామ్నాయము కారాదు. ఊరివారు చందావేసి ఒకరిని కూర్చుండబెట్టినారు గదా యని ఖాళీని నింపక విడిచినచో, ఆ సేవయే బడికి కీడగును. వీథిబడి చరిత్ర ఈ విషయమునే బోధించుచున్నది. ఇంటిపై భారమంతయు మోపినప్పుడు పేదల బిడ్డలు వెలియైరి. సర్కారుపై భారమంతయు మోపినప్పుడు ఇల్లు బడిని మరచినది. జీతము, గది, పుస్తకము ప్రభుత్వమునుండి హక్కుగా పొందవలెను. బిడ్డను, కాలమును, శ్రద్ధను ఇల్లు ఇచ్చవలెను. ఏటేట ప్రవేశపట్టికలో పదవ పేరు వ్రాయించు తల్లిదండ్రులున్నంత వరకు పొరుగునాట తెలుగు తరగతి తలుపు మూయుట ఎవరికిని సులభము కాదు.