నూనెలోని పరివర్తకము: కోవిల్‌పట్టి, విరుదునగర ప్రాంతములకు విద్యుత్తు వచ్చిన కథ

కోవిల్‌పట్టి, విరుదునగర ప్రాంతములందలి తెలుగువారి చరిత్రను వ్రాయువారు సాధారణముగా పాళెగాండ్రతో ప్రారంభింతురు. పాంచాలంకురిచ్చి, ఎట్టయపురము, 1799లో కయత్తారున ఉరితీయబడిన వీరపాండ్య కట్టబొమ్మన - ఈ పేళ్లు లేని వ్యాసము అరుదు. నల్లరేగడిని దున్నుకొని బ్రదికిన కుటుంబముల కథను ఇడైచెవల్ గ్రామమున 1923లో జన్మించిన కి. రాజనారాయణన్ తన నవలలలో చెప్పెను. ఆయన ఇంటిభాష తెలుగు, వ్రాసినది తమిళము. ఈ విధముగా కత్తికిని నాగలికిని చరిత్ర లభించినది. మరకును, తీగకును, నూనె నింపిన ఇనుప పెట్టెకును అంతగా లభింపలేదు. ఆ పెట్టెయే విద్యుత్ పరివర్తకము; జనులు ట్రాన్స్‌ఫార్మరు అందురు.

ఈ సీమకు పత్తి కలదు, జీవనది లేదు. పడమటి కనుమల పాదమున పాపనాశము వద్ద తామ్రపర్ణి నీటి వడితోనే హార్వే సోదరుల నూలుమిల్లు 1880 దశకమున యంత్రములను త్రిప్పెను. కోవిల్‌పట్టివారికి అట్టి అదృష్టము లేదు. పత్తి పండినచోట నీరు దుముకదు, నీరు దుమికినచోట పత్తి పండదు. బొగ్గు తెచ్చి ఆవిరియంత్రము నడుపుట పెద్ద పెట్టుబడి గలవారికే చెల్లును. కోవిల్‌పట్టికి చేరువనున్న ఎట్టయపురము తెలుగు మూలముగల నాయకుల సంస్థానము. అచట కొలువులో నుండిన చిన్నస్వామి అయ్యరు, సుబ్రహ్మణ్య భారతి తండ్రి, యంత్రములయం దభిరుచి గలవాడై పత్తిమిల్లు పెట్టబూని, ఆస్తి పోగొట్టుకొని 1898లో కన్నుమూసెను. ఆయన బుద్ధిలోపముచేత చెడెనని చెప్పుట అన్యాయము. ఊరిలో మరను త్రిప్పుటకు చౌకయైన శక్తి లేదు. పోటీకి దిగినవారికి ఆ శక్తియు కలదు, ప్రభుత్వపు అండయు కలదు.

నదిని కదలింపకయే నది బలమును తరలించు ఉపాయము ఐరోపాలో అప్పటికే పుట్టినది. 1885లో బుడాపెస్టు నగరపు గాంజ్ కర్మాగారమున ముగ్గురు ఇంజనీర్లు వాడుకకు పనికివచ్చు పరివర్తకమును నిర్మించిరి. 1891లో జర్మనీదేశపు లౌఫెన్ నుండి ఫ్రాంక్‌ఫర్టు వరకు సుమారు 175 కిలోమీటర్లు విద్యుత్తును పంపినపుడు పరివర్తకములను నూనెలో ముంచి వాడిరి. ఇందలి సూత్రము సులభము. అదే శక్తిని పంపునపుడు ఓల్టేజి పదిరెట్లు పెరిగినచో ప్రవాహము పదవవంతగును. తీగ వేడెక్కుటవలన కలుగు నష్టము నూరవవంతునకు దిగును. అందుచే కొండవద్ద ఓల్టేజిని పెంచవలెను, ఊరివద్ద తగ్గింపవలెను. ఈ రెండు పనులను కదలు భాగ మొక్కటియు లేని పరివర్తకమే చేయును.

నీలగిరులలోని పైకారా విద్యుత్కేంద్రము 1932లో పని ప్రారంభించి, 66,000 ఓల్టుల తంతులపై కోయంబత్తూరునకు విద్యుత్తు నందించెను. 1944లో పాపనాశమునందును విద్యుత్కేంద్రము నెలకొనెను. మున్ను తన ఒడ్డున నున్న మిల్లుకే ఉపకరించిన తామ్రపర్ణి అటుపిమ్మట దూరపు నల్లరేగడికిని ఉపకరింపగలిగెను. మిల్లులలో కదురులు తిరిగెను. పొలములందు మోటకు బదులు మోటారు వచ్చెను.

ఇక ఆ పెట్టె నిర్మాణమును చూతము. ఇందు మహారహస్యములు లేవు, ఓర్పే ప్రధానము. పలుచని సిలికాన్ ఉక్కు రేకులను ఒకదానికొకటి విద్యుత్తు అంటకుండ పూతపూసి పేర్చవలెను. దిమ్మగా పోతపోసిన ఇనుములో సుడిప్రవాహములు పుట్టి అది కాగిపోవును. రేకులపై రాగితీగను చుట్టవలెను. పూర్వము ఈ తీగకు నూలుదారమునే రెండు వరుసలు చుట్టెడివారు. పత్తిసీమవారు ఈ మాటను గమనింతురు గాక! చుట్ల వరుసలకు నడుమ కాగితమును, అట్టను ఉంచవలెను. పిదప అంతయు వెచ్చని గదిలో ఎండబెట్టి, వీలైనచో గాలిని తోడివేసి, బుడగలు చిక్కకుండ నెమ్మదిగా నూనె నింపవలెను. గాలి మిల్లీమీటరునకు సుమారు 3,000 ఓల్టులకే ఓడిపోవును. శుభ్రమైన నూనెలో 2.5 మిల్లీమీటర్ల ఎడము 30,000 ఓల్టులకు మించి తాళును. కాని నూనెలో తేమ లేశమాత్ర మున్నను ఈ బలము క్షీణించును. నూనెకు రెండవ పని కూడ కలదు: అది చుట్లలోని వేడిని గ్రహించి పైకి లేచి, పెట్టె గోడలవద్ద చల్లారి క్రిందికి దిగుచుండును.

ఇచట నొక చిత్రము. తెలుగున నూనె యనగా నువ్వుల నెయ్యి. తమిళమున ఎణ్ణెయ్ అనినను ఎళ్లు, అనగా నువ్వుల నెయ్యియే. 1923 వరకు విరుదుపట్టి యనబడిన విరుదునగరము నూనె వర్తకమునకు ప్రసిద్ధము. అయినను ఆ అంగళ్లలోని నువ్వులనూనె ఈ పెట్టెకు చాలకాలము పనికిరాదు. గాలి సోకి చిక్కబడును, పులియును. అందుచే భూమినుండి తీసిన ఖనిజతైలమునే వాడిరి. తగిన సంస్కారము చేసిన వృక్షతైలములు పరివర్తకములకు మరల వచ్చినది 1990 దశకపు చివరనే.

ఇంటియొద్ద చేతులతో ఉన్నత ఓల్టేజి సాధనములు చేసికొనుట క్రొత్త కాదు. ఐర్లండులోని మేనూత్ కళాశాలలో నికొలాస్ కాలన్ అను మతాచార్యుడు 1836లో ప్రేరణచుట్టను నిర్మించెను. తీగను తేనెమైనము, రాళ కలిపి కాచిన ద్రవములో ముంచి వాడెను. కలకత్తాలో జగదీశచంద్ర బోసు 1890 దశకమున తన ఉపకరణములను స్థానికుడైన రేకుపనివానిచే చేయించుకొనెను.

పరివర్తకము ఇచ్చు విద్యుత్తు అటునిటు ఊగులాడునది. ఎక్స్‌రే గొట్టమువంటి వానికి ఏకదిశగా పారు విద్యుత్తు కావలెను. దానిని ఏకముఖము చేయు సాధనమే రెక్టిఫైయరు. 1907లో అమెరికాలో స్నూక్ అనునాయన మోటారుతో తిరుగు మీటచేత ఈ పని చేయించెను. తరువాత శూన్యనాళములును, సిలికానును వచ్చినవి. పైకారా వెలిగిన 1932లోనే కేంబ్రిడ్జిలో కాక్‌క్రాఫ్టు, వాల్టనులు పరివర్తకమును, నాలుగు రెక్టిఫైయర్లను, కండెన్సర్లను కూర్చి సుమారు 7 లక్షల ఓల్టులు సాధించి లిథియము కేంద్రకమును చీల్చిరి. గాజు గొట్టముల అతుకులను పిల్లలాడుకొను ప్లాస్టిసిన్‌తో పూడ్చిరట! అయితే ఇట్టి సాధనమునందలి కండెన్సరు మీట ఆపిన పిదపను ప్రాణము తీయగలదు. దానిని భూమితో కలిపినగాని చేయి పెట్టరాదు. ఇంటిలో దీనిని నిర్మింపబూనిన కుర్రవానికి తెలియవలసిన మొదటి సంగతి ఇదియే. సామాన్యముగా చివర తెలియునదియు ఇదియే.

ఈ విద్య తమిళనాటి తెలుగువారికి ఎట్లు పట్టుబడెను? కోయంబత్తూరు సమీపపు కలంగళ్ గ్రామమున 1893లో పుట్టిన జి. డి. నాయుడు బడిచదువు కొద్దిపాటిది. ఒక మోటారుసైకిలును కొని, విప్పి, మరల కూర్చి యంత్రవిద్య నేర్చుకొనెను. 1920లో పొల్లాచి, పళనిల నడుమ బస్సు నడపెను. డి. బాలసుందరం నాయుడు 1937లో కోయంబత్తూరున చేసిన మోటారు స్వదేశమున తయారైన మొదటి విద్యుత్ మోటారని ప్రసిద్ధి. పైకారా విద్యుత్తు వచ్చిన అయిదేండ్లకే ఇది జరుగుట యాదృచ్ఛికము కాదు. మోటారునకైనను, పరివర్తకమునకైనను రేకు, తీగ, నూలు, కాగితము - ఇవే సామగ్రి, చుట్టుటయే పని. తెలుగు 'చుట్టు', తమిళ 'చుఱ్ఱు' ఒక్క మూలమునుండి వచ్చినవే. ఇంటిలో ఒక భాష, పనిచోట ఒక భాష మాటలాడువానికి ఈ విద్యలో మాట అడ్డు రాలేదు. కాగితముపై పెట్టినప్పుడు మాత్రము అది ఆంగ్లముననో తమిళముననో నిలిచినది.

నేడు తీగకు నూలు చుట్టు వాడుక చాలవరకు తొలగి ఎనామెల్ పూత వచ్చినది. నూనెలో నానిన కాగితము మాత్రము ఊరి చివర స్తంభములపై నున్న పెట్టెలలో ఇప్పటికిని తన పని చేయుచున్నది.