చర్చి హాలూ, పదకొండు పేజీల ఫారమూ

2017లో నేను ఇంగ్లండులో ఆన్ సైట్ లో ఉన్నాను. మా ఊళ్ళో ఓ పాతిక తెలుగు కుటుంబాలుండేవి. శనివారాలు పిల్లలకి అ ఆలు నేర్పిద్దామని అనుకున్నాం. అక్కడ ఇలాంటి వాటికి చవగ్గా దొరికేది చర్చి హాలే. ఉగాదైనా, బతుకమ్మైనా, పిల్లల కూచిపూడి అయినా అందులోనే. గంటకింత అని కట్టి, పని అయ్యాక ఊడ్చి తాళం ఇచ్చేస్తే సరిపోతుంది అనుకున్నాం.

తీరా చూస్తే పదకొండు పేజీల ఫారం చేతిలో పెట్టారు. పిల్లల భద్రతకి మీ పద్ధతులేంటి? చదువు చెప్పేవాళ్ళకి డీబీఎస్ సర్టిఫికెట్లు ఉన్నాయా? తలుపేసిన గదిలో ఒక పెద్దా ఒక పిల్లా ఒంటరిగా ఉండకుండా ఏం చేస్తారు? ఏ పిల్లైనా ఏదైనా చెప్తే వినాల్సిన మనిషి ఎవరు?

మా గుంటూరు మిత్రుడికి ఒళ్ళు మండిపోయింది. "గుణింతాలు చెప్పడానికి పోలీసు వెరిఫికేషనా? మనమేమన్నా దొంగలమా?" అన్నాడు. నాకూ అలాగే అనిపించింది. హాలు బుకింగులు చూసే పెద్దావిడ దగ్గరికెళ్ళి, "మేమంతా ఒకరికొకరం బాగా తెలిసిన వాళ్ళమండీ" అని చెప్పాను. ఆవిడ నవ్వలేదు, కోప్పడలేదు. "మేమూ అలాగే అనుకున్నాం" అంది, అంతే.

ఆ మాట మనసులో పట్టుకుంది. రాత్రిళ్ళు కూర్చుని చదవడం మొదలుపెట్టాను. సాఫ్ట్ వేర్ వాళ్ళకి తెలిసిన సంగతే కదా, పాత కోడ్ లో అర్థంపర్థం లేనట్టు కనిపించే ప్రతి కండిషన్ వెనకా ఎప్పుడో పేలిన బగ్ ఒకటి ఉంటుంది. ఈ ఫారం కూడా అంతే.

ఇంగ్లండులో పశువుల్ని హింసించకూడదని చట్టం వచ్చింది 1822లో. పిల్లల్ని హింసించకూడదని ప్రత్యేకంగా చట్టం వచ్చింది 1889లో. మధ్యలో 67 ఏళ్ళు! పిల్లల సంగతి ఇంటివాళ్ళ సొంత వ్యవహారం, బయటివాళ్ళు వేలు పెట్టకూడదు అన్నది అప్పటి నమ్మకం. చట్టం వచ్చాక కూడా కొన్ని గడపలు దాటి లోపలికి వెళ్ళడానికి దానికి ఇంకో వందేళ్ళు పట్టింది. వాటిలో చర్చి గడప ఒకటి.

పీటర్ బాల్ అని ఒక బిషప్పు. మహా భక్తుడని పేరు. తన దగ్గరికి ఆధ్యాత్మిక శిక్షణకని వచ్చే కుర్రాళ్ళని లైంగికంగా వేధించాడు. 1992లో ఒక యువకుడు ధైర్యం చేసి ఫిర్యాదు చేశాడు. మరుసటేడు పోలీసులు ఒక హెచ్చరికతో వదిలేశారు, ఈయన రాజీనామా చేశాడు. ఆ ఫిర్యాదు బయటికొచ్చిన రోజుల్లో ఇంకో ఏడు ఉత్తరాలు చర్చి పెద్ద, ఆర్చిబిషప్ జార్జ్ కేరీ ఆఫీసుకి వచ్చాయి. పోలీసుల దాకా వెళ్ళింది ఒక్కటి. బాల్ జైలుకి వెళ్ళింది 2015లో, అంటే 22 ఏళ్ళ తరవాత. మొదట ఫిర్యాదు చేసిన మనిషి ఆ తీర్పు వినలేదు. 2012లో ఆత్మహత్య చేసుకున్నాడు.

డీబీఎస్ కథ వేరే చోట మొదలైంది. 2002 ఆగస్టులో సోహమ్ అనే ఊళ్ళో పదేళ్ళ ఆడపిల్లలిద్దరు హత్యకి గురయ్యారు. చంపింది ఒక స్కూల్లో కేర్ టేకర్. అంతకు ముందు వేరే జిల్లా పోలీసుల దగ్గర అతని మీద చాలా ఆరోపణలు వచ్చాయి. ఉద్యోగం ఇచ్చేటప్పుడు ఆ సంగతులేవీ బయటికి రాలేదు. డేటా ఉంది, ఇంటిగ్రేషన్ లేదు. దీని మీద వేసిన బిచర్డ్ విచారణ 2004లో నివేదిక ఇచ్చింది, 2006లో చట్టం వచ్చింది. అప్పటి వ్యవస్థలే 2012 డిసెంబరులో కలిసి డీబీఎస్ అయ్యాయి.

ఇక్కడిదాకా చదివి "ఓహో, అయితే సర్టిఫికెట్ ఉంటే చాలన్నమాట" అనుకున్నాను. జాన్ స్మైత్ గురించి చదివాక ఆ భ్రమ పోయింది.

ఈయన పేరున్న బారిస్టరు. క్రైస్తవ కుర్రాళ్ళ వేసవి క్యాంపులు నడిపేవాడు. వాళ్ళని తన తోటలో ఉన్న షెడ్డుకి తీసుకెళ్ళి, పాపాలకి శిక్ష అని చెప్పి బెత్తంతో రక్తాలు కారేలా కొట్టేవాడు. 1982లో ఈ సంగతి కొందరు పెద్దలకి తెలిసింది. విచారించి నివేదిక కూడా రాసుకున్నారు. పోలీసులకి మాత్రం చెప్పలేదు. పరువు! 1984లో ఆయన జింబాబ్వే వెళ్ళి అక్కడా క్యాంపులు పెట్టాడు. 1992లో అక్కడి క్యాంపులో పదహారేళ్ళ కుర్రాడు చనిపోయాడు. కేసు పెట్టారు, నిలబడలేదు. 2018లో స్మైత్ కూడా పోయాడు, ఒక్క రోజు శిక్ష పడకుండా. 2024 నవంబరులో మేకిన్ నివేదిక ఇవన్నీ బయటపెట్టింది. 2013లోనే చర్చి పైస్థాయికి తెలుసని తేల్చింది. వారం తిరక్కుండా ఆర్చిబిషప్ జస్టిన్ వెల్బీ రాజీనామా ప్రకటించాడు.

ఆలోచించండి. బాల్ కైనా స్మైత్ కైనా 1980లో సర్టిఫికెట్ అడిగి ఉంటే కడిగిన ముత్యంలా వచ్చేది. సర్టిఫికెట్ పట్టుకునేది ముందే రికార్డుకి ఎక్కిన వాళ్ళని. మరి రికార్డుకి ఎందుకు ఎక్కలేదు? తెలిసినవాళ్ళు నోరు మూసుకున్నారు కనక. వాళ్ళలో చాలామంది దుర్మార్గులు కూడా కాదు. సంస్థ పేరు పోకూడదనుకున్న మర్యాదస్తులు.

అందుకే తరవాతొచ్చిన నియమాలు ఈ మర్యాదస్తుల చేతులు కట్టేశాయి. చర్చి వాళ్ళు భద్రతా మార్గదర్శకాలని "దృష్టిలో పెట్టుకోవాలి" అని 2016లో నియమం చేశారు. దేశవ్యాప్త విచారణ సంఘం 2020లో ఇంగ్లండు చర్చి మీద నివేదిక ఇచ్చింది. 1940ల నుంచి 2018 దాకా ఆ చర్చికి సంబంధించిన వాళ్ళు 390 మందికి పిల్లల మీద లైంగిక నేరాల్లో శిక్ష పడిందని లెక్క చెప్పింది. 2021లో నియమం మార్చారు. ఇప్పుడు దృష్టిలో పెట్టుకుంటే చాలదు, పాటించి తీరాలి.

ఇక మన సంగతి. ఈ విషయంలో మన చట్టం ఇంగ్లండు కంటే ముందుంది, చాలామందికి తెలీదు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ పోలీసులకి చెప్పకపోతే అక్కడ అదే ఒక నేరమయ్యే చట్టం చాలాకాలం లేదు. 2025లో పార్లమెంటు ముందుకొచ్చిన బిల్లులో గానీ చెప్పి తీరాలన్న బాధ్యత చేరలేదు. మన పోక్సో చట్టంలో 2012 నుంచీ ఉంది. సెక్షన్ 19 ప్రకారం తెలిసిన ప్రతివాళ్ళూ చెప్పాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు, సంస్థ నడిపేవాళ్ళు తమ కింద పనిచేసేవాళ్ళ సంగతి దాస్తే ఏడాది దాకా. సదుద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసులుండవు. గుడైనా, చర్చైనా, మదరసా అయినా, డాన్సు క్లాసైనా ఒకటే చట్టం. 1098 కి ఫోన్ చేసి సాయం కూడా అడగొచ్చు.

ఇప్పుడు నేను హైదరాబాదులో ఉంటున్నాను. మా అపార్టుమెంటు క్లబ్ హౌస్ లో చదరంగం, కరాటే, సంగీతం అన్నీ నడుస్తాయి. మా సొసైటీ ఫారం ఒక్కటే పేజీ. అందులో అడ్వాన్సు గురించీ, గోడలకి మేకులు కొట్టకూడదనీ ఉంది. పిల్లల గురించి ఒక్క ముక్క లేదు. గోడకున్న విలువ కూడా పిల్లలకి లేకపోయింది.

అన్నట్టు ఆ పదకొండు పేజీలూ నింపాం. పిల్లలు చెప్తే వినాల్సిన మనిషి అన్న చోట, మాలో అందరికంటే పెద్దాయన, అందరూ గౌరవించే ఆయన పేరు రాశాం. ఆ పెద్దావిడ చూసి ఒకే ప్రశ్న అడిగింది, "పిల్లలు ఈయనతో మాట్లాడతారా?"

మేం ఒకళ్ళ మొహాలు ఒకళ్ళం చూసుకున్నాం. ఆయన ఎదురుగా పిల్లలు నిలబడ్డానికే భయపడతారు. ఆ పేరు కొట్టేసి, ఆటలాడించే ఒకావిడ పేరు రాశాం.

మీ పిల్లలు వెళ్ళే క్లాసులో ఆ గడిలో ఎవరి పేరు రాస్తారు? మా క్లబ్ హౌస్ విషయంలో నా దగ్గర జవాబు లేదు. వచ్చే ఆదివారం సొసైటీ మీటింగులో అడుగుతాను. "మనమంతా బాగా తెలిసిన వాళ్ళమే కదండీ" అని ఎవరో ఒకరు అంటారని కూడా తెలుసు.