బూదికోట, పది లైన్ల ఇంగ్లీషు



మన బూదికోటలో పుట్టిన హైదర్ అలీకి చదవను రాయను రాదని చరిత్రకారులు చెప్తారు. ఉత్తరాలు గుమాస్తాలు చదివి వినిపించేవాళ్లు. అయినా 1769లో గుర్రాలతో మద్రాసు గుమ్మం దాకా పోయి ఇంగ్లీషువాళ్ల చేత సంధి రాయించుకున్నాడు.

1835లో మెకాలే మాట మీద కంపెనీ ఇంగ్లీషు చదువుకు డబ్బు పెట్టింది. ఆ తర్వాత సర్కారు ఉద్యోగాల్లో ఇంగ్లీషు చదివినవాళ్లకు ముందు చోటు. మన పక్క మాలూరు తాలూకాలో 1891లో పుట్టిన మాస్తి వెంకటేశ అయ్యంగార్ గారిది ఇంట్లో తమిళం, మద్రాసులో ఇంగ్లీషు ఎం.ఏ., రాసింది కన్నడం. 1983 జ్ఞానపీఠం ఆయనకే వచ్చింది. ఒక భాష నేర్చుకుంటే ఇంకోటి పోదు.

ఇప్పుడు కాలేజీ ఇంగ్లీషు క్లాసులో ఒక పేజీ చదివి పది లైన్లలో సారాంశం రాయమంటే, మన పిల్లలు ఫోన్ చూసి దించేస్తున్నారు. నేను చదివింది తమిళ మీడియం. రైల్వేలో ఫైలు చదివి నాలుగు లైన్ల నోటు పెట్టడమే నా పని. ఈ పది లైన్లూ అదే పని.

హైదర్‌కు గుమాస్తాలు ఉండిరి, మన పిల్లలకు లేరు. చదివింది ముందు తెలుగులో చెప్పించండి, తర్వాత ఇంగ్లీషులో సొంతంగా రాయనీండి. ఆదివారం ఒక గంట సంఘంలో కూర్చోబెడదామా? మీ మాట చెప్పండి.