చేనికి తగిన ట్రాక్టరు



వెనుకటి దినములలో మన పల్లెలయందు నాగలి కావలసిన రైతు వడ్రంగి యింటికి పోయెడివాడు. తన యెద్దుల యెత్తును, తన నేల స్వభావమును చెప్పి, తగిన కొయ్యను చెక్కించుకొనెడివాడు. పల్లపు మడిని దున్ను నాగలి వేరు, గరువును దున్ను నాగలి వేరు. దుక్కికి కట్టు కాడి యొకటి, సాళ్ల నడుమ గుంటక తోలునప్పుడు కట్టు కాడి మరియొకటి. సాలు వెడల్పును బట్టి కాడి పొడవు మారెడిది. పనిముట్టు చేనిని బట్టి పుట్టెడిది గాని, పనిముట్టును బట్టి చేను మారెడిది కాదు.

ట్రాక్టరు వచ్చిన తరువాత ఈ సంబంధము తెగినది. యంత్రమును చేయువాడు వందల మైళ్ల దూరమున నున్నాడు. కొనువాడు పట్టణములోని దుకాణమున నిలిచి, అచ్చట నున్న బండిని చూచి, ధర యడిగి, బ్యాంకులో ఋణపత్రము వ్రాసి యింటికి తెచ్చుకొనుచున్నాడు. అది తన మడిలో దిగునా, తన తోటలో తిరుగునా అను ప్రశ్న పిదప పుట్టుచున్నది. అప్పుడు ఊరి వెల్డింగు దుకాణమే గతి యగుచున్నది. చిన్న ట్రాక్టరును కొనువారు తమకు కావలసిన మార్పులను కర్మాగారమునందే చేయించి తెచ్చుకొనుట యేల మేలో, ఈ విషయమున చరిత్ర మనకేమి చెప్పుచున్నదో నేడు మనవి చేసెదను.

పెట్రోలు ఇంజనుతో నడచు ట్రాక్టరును 1892వ సంవత్సరమున అమెరికాలోని అయోవా రాష్ట్రమున జాన్ ఫ్రోలిక్ అనునతడు నిర్మించెను. తరువాతి యిరువది యేండ్లలో వచ్చిన ట్రాక్టర్లలో పెక్కు మహాకాయములు. అవి గట్లు లేని అమెరికా మైదానములకు పుట్టినవి. ఒక కొసనుండి మరియొక కొసకు మైలు దూరము తిన్నగా పోవు చేలలో వాని బరువు దోషము కాదు. 1917లో హెన్రీ ఫోర్డు ఫోర్డుసన్ అను చిన్న ట్రాక్టరును వేలకొలది తయారుచేయించుట కారంభించెను. ధర తగ్గినది, సామాన్య రైతునకు యంత్రము అందినది. కాని దానితో నొక ప్రాణాంతకమైన దోషము కూడ వచ్చినది.

ఆ కాలమున నాగలిని బండి వెనుక గొలుసుతోగాని కొక్కెముతోగాని తగిలించెడివారు. నాగలి కఱ్ఱు నేలలోని రాతికో, వేరుకో తగిలి ఆగిపోయినచో ఇంజను మాత్రము ఆగదు. వెనుక చక్రము కదలలేనప్పుడు ఇంజను బలము బండినే చక్రము చుట్టు త్రిప్పుటకు పూనుకొనును. ముందు భాగము ఆకాశమునకు లేచి, బండి వెనుకకు తిరుగబడి, తోలువానిపై పడును. ఈ విధముగ ఫోర్డుసన్ క్రింద పడి మృతి చెందిన రైతులు పలువురు.

ఈ చిక్కును విడదీసినవాడు ఐర్లండు దేశపు రైతు బిడ్డ హ్యారీ ఫెర్గూసన్. అతని దేశపు చేలు మన చేలవలె చిన్నవి. మొదటి ప్రపంచయుద్ధ కాలమున, 1917లో, ఐర్లండు వ్యవసాయ శాఖ యతనిని ట్రాక్టర్ల పనిని పరిశీలింప నియమించెను. నాగలిని బండికి తోకవలె తగిలించుట తప్పనియు, రెండును ఒకే యంత్రమువలె కలిసి పనిచేయవలె ననియు అతడు గ్రహించెను. క్రింద రెండు కడ్డీలు, పైన నొకటి, ఈ మూడింటితో నాగలిని బండికి కూర్చి, నూనె ఒత్తిడితో దానిని ఎత్తుటకు దించుటకు వీలు కల్పించెను. నాగలి రాతికి తగిలినప్పుడు పై కడ్డీ బండి ముందు భాగమును నేలకు అదిమి పట్టును. అంతియేగాక నాగలి బరువును, మట్టి లాగుడును వెనుక చక్రములమీదికి వచ్చుటచే తేలికబండియే బరువుబండి పనిని చేయగలిగెను. నేడు మన యూళ్లలో ప్రతి ట్రాక్టరు వెనుక కనబడు మూడు కడ్డీలు ఇవియే. చిన్న ట్రాక్టరు అనునది ప్రపంచమున నిలిచినదన్నచో దానికి ముఖ్యకారణ మీ మార్పు.

ఇది రైతు తన దొడ్డిలో చేసికొనదగిన మార్పు కాదని గమనింపవలెను. ఇంజను, గేరుపెట్టె, ఇరుసు, నూనెపంపు, కడ్డీల కొలతలు అన్నియు ఒకదానితో నొకటి లెక్క కుదిరిననే ఇది పనిచేయును. ఫెర్గూసన్ పలు సంవత్సరములు శ్రమించి, 1936లో మొదట నొక సంస్థతోను, 1939లో హెన్రీ ఫోర్డుతోను కలిసి ఇట్టి ట్రాక్టర్లను వెలువరించి, 1946లో ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణమున టి.ఇ. 20 అను తన బండిని తయారుచేయింప నారంభించెను. పదేండ్లలో 5 లక్షలకు పైగా ఆ బండ్లు వెలువడినవి.

ఆ బండి చరిత్రలో మనకు ముఖ్యమైన మాట మరియొకటి కలదు. ద్రాక్షతోటల సాళ్లలో మామూలు బండి పట్టదు. అందుచే కర్మాగారమువారు అదే ఇంజనుతో ఇరుకు ఇరుసు గల రకమొకటియు, ద్రాక్షతోటలకై మరింత సన్నని రకమొకటియు ప్రత్యేకముగ చేసి అమ్మిరి. అంతకు మునుపే, 1924లో, అమెరికాలో ఇంటర్నేషనల్ హార్వెస్టరు కంపెనీవారు ఫార్మాల్ అను ట్రాక్టరును తెచ్చిరి. మొక్కజొన్న, ప్రత్తి సాళ్లలో పైరు విరుగకుండ పోవుటకు దాని వెనుక ఇరుసును ఎత్తుగను, ముందు చక్రములను దగ్గరగను అమర్చిరి. ఇట్లు పైరును బట్టి యంత్రమును మార్చుట కర్మాగారముల ధర్మమైనది.

ఇక మన దేశమునకు వత్తము. 1947లో కేంద్ర ట్రాక్టరు సంస్థ ఏర్పడినది. యుద్ధానంతరము అమెరికా సైన్యము విడిచిపోయిన యంత్రములతో అది పని మొదలిడి, మధ్యభారతమున రెల్లుజాతి గడ్డి పట్టిన బీళ్లను బాగుచేసినది. 1949లో ప్రపంచ బ్యాంకు ఇచ్చిన ఋణముతో మరికొన్ని యంత్రములు వచ్చినవి. అవి బీడు పగులగొట్టు భారీ యంత్రములు. వరిమడికి వానితో పని లేదు. 1959లో ఫరీదాబాదున ఐషరు కంపెనీవారు మన దేశమున తయారైన మొదటి ట్రాక్టరును వెలువరించిరి. 1960లో మద్రాసున టాఫె సంస్థ స్థాపితమైనది. అది చేసిన మాసీ ఫెర్గూసన్ బండ్లు ఆ ఐర్లండు రైతుబిడ్డ పేరును తెలుగు పల్లెలకు తెచ్చినవి. దుర్గాపురములోని కేంద్ర పరిశోధనాలయమున మనవారే రూపొందించిన స్వరాజ్ ట్రాక్టరు 1974లో వెలువడినది.

ఇవి పెక్కుపాళ్లు ఉత్తరాది గోధుమ చేలకు అనువైన బండ్లు. వరి పండించువారి యిక్కట్టు వేరు. దానిని ముందుగ పట్టించుకొన్నది చిన్న మడుల దేశమైన జపాను. 1967లో బెంగుళూరున వి.ఎస్.టి. సంస్థ జపానులోని మిత్సుబిషివారి సహకారముతో చేతితో నడపు పవరు టిల్లర్లను తయారుచేయుటకు ఏర్పడినది. తరువాత అదే సంస్థ సుమారు 18 అశ్వశక్తి గల చిన్న ట్రాక్టరును కూడ తెచ్చినది. కేరళ ప్రభుత్వము 1973లో అత్తాణియందు స్థాపించిన కామ్కో సంస్థ జపానులోని కుబోటావారి పద్ధతిని చేపట్టినది. నేడు ఈ కోవకు చెందిన చిన్న ట్రాక్టర్లను మన దేశమున పలువురు చేయుచున్నారు.

మన సీమ సంగతి చూతము. 1950లో విశాఖపట్టణము జిల్లానుండి శ్రీకాకుళము జిల్లా వేరుపడినది. 1979లో విజయనగరము, 2022లో పార్వతీపురము మన్యము జిల్లాలు ఏర్పడినవి. విజయనగరము, బొబ్బిలి, పర్లాకిమిడి, మందస మున్నగు జమీందారీల క్రింద నుండిన భూములకు 1948నాటి ఎస్టేట్ల రద్దు చట్టముతో రైతువారీ పద్ధతి వచ్చినది. తరములు గడచినకొలది అన్నదమ్ముల పంపకములతో కమతములు చెక్కలైనవి. 2015-16 వ్యవసాయ గణన ప్రకారము ఆంధ్రప్రదేశమున సగటు కమతము 0.94 హెక్టారు, అనగా రెండున్నర ఎకరములకు లోపు. ఎకరములో నాలుగు మడులు, మడిమడికి గట్టు ఉన్నచోట పెద్ద బండి తిరుగుటకే తావు చాలదు. మూలలు దున్నబడక మిగులును, గట్లు విరుగును, విరిగిన గట్టు దాయాదుల తగవుగ మారును.

మన నేల అంతయు ఒక తీరుది కాదు. వంశధార, నాగావళి కాలువల క్రింద పల్లపు వరి. వానపై నాధారపడు గరువులలో చోళ్లు, గంటెలు, గోగు. సోంపేట, కవిటి, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ప్రాంతపు ఉద్దానమున కొబ్బరి, జీడి తోటలు. మన్యమున కొండవాలు చెక్కలు. 2018 అక్టోబరులో వచ్చిన తిత్లీ తుపాను ఉద్దానపు తోటలను నేలకూల్చిన పిదప అచ్చట మరల మొక్క నాటవలసి వచ్చినది. చెట్టు ఎదుగువరకు నడుమ దున్ని పైరు వేసికొనదలచిన రైతునకు సన్నని బండి యెంత యవసరమో చెప్పనక్కరలేదు.

ఈ నాలుగు తీరుల నేలకు కావలసిన మార్పులును నాలుగు తీరులు. దమ్ము చేయు మడిలో బండికి శత్రువు బురదనీరు. అది ఇరుసు సందులనుండి లోపలికి చేరి గేర్లను తినివేయును. కనుక ఇరుసులకు గట్టి సీళ్లును, నూనెలో మునిగి పనిచేయు ఆయిలు బ్రేకులును, లోతైన పళ్లు గల దమ్ము టైర్లును కావలెను. ముందు చక్రములు కూడ లాగు ఫోర్ వీలు డ్రైవు ఉన్నచో బురదలో దిగబడుట తగ్గును. గరువున సాళ్ల నడుమ పోవుటకు చక్రముల యెడమును పైరును బట్టి తగ్గించి పెంచు వీలు చూడవలెను. జీడితోటలో కొమ్మలు క్రిందికి వ్రేలును. అచ్చట నిలువు పొగగొట్టమునకు బదులు ప్రక్కకుగాని క్రిందికిగాని పోవు గొట్టము, తగ్గించిన ఆసనము కావలెను. కొండవాలున ముందు భాగమునకు బరువు దిమ్మెలును, తోలువాని తల కాపాడు ఇనుప చట్రమును తప్పనిసరి. సన్నని బండి తోటలో సుళువుగ దూరును గాని, చక్రములు దగ్గరగ నుండుటచే ప్రక్కకు ఒరిగిపోవు భయము దానికెక్కువ. ఆ చట్రము విలువ నెరిగి స్వీడను దేశము 1959లోనే క్రొత్త ట్రాక్టర్లకు దానిని శాసనము చేసినది. తరువాత అచ్చట బండి తిరుగబడి మరణించువారి సంఖ్య మిక్కిలి తగ్గినది.

ఇవి కర్మాగారమున జరిగినచో బరువు, బలము, బ్రేకు అన్నియు లెక్కకు వచ్చును. బయట జరిగినచో నేమగును? తొట్టి లాగు కొక్కెమును వెనుక ఇరుసుకంటె ఎత్తుగ అతికించినారనుకొనుడు. ఎక్కువ బరువు లాగునప్పుడు బండి ముందు భాగము లేచును. వెనుకటి ఫోర్డుసన్ మృత్యువు మరల మన యూరికి వచ్చును. బురదలో దిగబడిన చక్రమునకు దుంగను కట్టి ఇంజనును పెంచినను ఇదే జరుగును. ఇరుసును సాగదీసి అతికిన అతుకు, బరువు మీద నున్నప్పుడు విరుగవచ్చును. ఇది వెల్డింగు చేయువాని నేర్పును తక్కువ చేయుట కాదు. నాగలి చెక్కిన వడ్రంగికి ఆ పనిముట్టు పని యంతయు తెలియును. బండిలో నేర్పడు బలముల లెక్క మాత్రము దానిని రచించినవానికే తెలియును.

చట్టము మాట కూడ వినదగినది. 1988నాటి మోటారు వాహనముల చట్టము 52వ విభాగము ప్రకారము, రిజిస్ట్రేషను పత్రమున నున్న వివరములు తయారీదారు మొదట తెలిపినవానికి భిన్నమగునట్లు యజమాని వాహనమును మార్చరాదు. అట్లు మార్చిన బండికి ప్రమాదము కలిగినచో బీమా వారితో తగవు వచ్చును. మరమ్మతు హామీ కూడ పోవచ్చును. బండి పోయినను బ్యాంకు ఋణము పోదు.

ఒక సత్యము దాచరాదు. ఒక్క రైతు కోరినంతమాత్రమున కర్మాగారము క్రొత్త ఇరుసు పోయదు. అది ముందుగ సిద్ధపరచిన రకములలో, అమరికలలో మనకు కావలసినవి యెన్నుకొనుటయే చాలవరకు మనకు సాధ్యము. కనుక దుకాణమున నున్న బండిని కాక, కంపెనీ చేయు రకములన్నిటి పట్టికను చూపుమని డీలరును అడుగవలెను. కోరిన ప్రతి అమరికయు బిల్లునందును రిజిస్ట్రేషను కాగితములందును వ్రాయింపవలెను. మధ్యప్రదేశములోని బుధనీయందు 1955నుండియు, అనంతపురము జిల్లా గార్లదిన్నెయందును కేంద్ర ప్రభుత్వపు వ్యవసాయ యంత్ర శిక్షణ, పరీక్షా సంస్థలు కలవు. కొనదలచిన రకమునకు పరీక్షా నివేదిక కలదా యని అడిగి చూచుట కొనువాని హక్కు. బండి వచ్చిన దినమున తన మడిలోనే, తన రోటావేటరుతోనే నడిపించి చూచిన పిదప సంతకము చేయుట వివేకము.

ఇచ్చట గ్రామ పెద్దలు చేయదగిన పని యున్నది. ద్రాక్షతోటల వారికి సన్నని బండి దొరకుటకు కారణము, ఆ బండి కావలసినవారు అనేకులుండుటయే. ఒక్కని మాటను డీలరు వినియు మరచును. పది యూళ్ల రైతులు తమ మడుల కొలతలు, సాళ్ల యెడములు వ్రాసి, రైతు సంఘము పక్షమున ఒక్కమారుగ కోరినచో ఆ కాగితము కర్మాగారము వరకు పోవును. ఒక్కొక్క యింటికి ఒక్కొక్క బండి యక్కరలేదు. నలుగురు కలిసి కొని వంతులవారీగ వాడుకొన్నను అప్పు భారము తగ్గును.

ఉభాల కాలము వచ్చిన తరువాత ఎవ్వరికిని తీరిక యుండదు. ఆ తొందరలోనే తగని బండి కొనుట, తగని అతుకు వేయించుట జరుగును. వేసవిలో, కల్లము పనులు ముగిసిన వెనుక, పెద్దలు రచ్చబండ యొద్ద కూర్చుండి మన నేలకు ఏమి కావలెనో లెక్క వేసినచో, ఆ లెక్క యువకుల ప్రాణములను, కమతములను కూడ కాపాడును.