మగ్గపు అట్టలనుండి గణనయంత్రము వఱకు

పేరాల యనినంతనే, 1921లో పురపాలక పన్నునకు లొంగక, దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి నాయకత్వమున ఇండ్లు విడిచి రామనగరున వసించిన ప్రజలు స్మృతికి వత్తురు. ఆ యూరికి ప్రాణమైన నేతకు వేఱొక చరిత్రయు కలదు. నేడు మన యువకులు నేర్చుచున్న సాఫ్ట్‌వేరు విద్యకు మూలము మగ్గముననే యున్నది.

మన మగ్గములపై నుండు జకార్డు, 1804 ప్రాంతమున దానిని నిర్మించిన ఫ్రాన్సు దేశీయుని పేరిటిది. అట్టలో రంధ్రమున్నచోట కొక్కెము పడుగుపోగు నెత్తును, లేనిచోట ఎత్తదు. అట్టలు మార్చిన అంచు మాఱును. మగ్గమును మార్చ నక్కఱలేదు. యంత్రము వేఱు, దానికిచ్చు ఆజ్ఞలు వేఱు అను సాఫ్ట్‌వేరు సూత్ర మిదియే. ఇంగ్లండున బాబేజి తాను తలపెట్టిన గణనయంత్రమునకు ఈ యట్టలనే ఎన్నుకొనెను. 1843లో అడా లవ్‌లేస్ ఆ యంత్రమును వివరించుచు దాని పనిని పూలనేతతో పోల్చెను. 1890 నాటి అమెరికా జనాభా లెక్కలకు హోలరిత్ చిల్లుల అట్టలనే వాడెను. 1968లో జర్మనీయందలి గార్మిష్ సభ సాఫ్ట్‌వేరు ఇంజనీరింగు అను పేరును వ్యాప్తికి తెచ్చెను.

దేవల మహర్షి సంతతివారమని చెప్పుకొను మనము ఈ విద్యను పరాయిదిగా నెంచరాదు. పోగుల లెక్క తప్పిన అంచు చెడునని యెఱిగిన యింటి బిడ్డకు, ఒక్క గుర్తు తప్పిన ప్రోగ్రాము నిలిచిపోవు ననుట వింత కాదు. అయినను పట్టణముల కేగిన యువకులకు తాతల లెక్కలు తెలియవు. మగ్గమున నున్నవారి బిడ్డలకు కళాశాల రుసుము భారమగుచున్నది. ఈ రెండు లోపములను తీర్చుట మన సంఘము విధి. దాతలు విద్యార్థులకు తోడ్పడుదురు గాక! చదివిన యువకులు పెద్దల అంచుల లెక్కలను వ్రాసి యుంచుదురు గాక!